నగర శివారులలో మన నివాసము – ఆలయ ధర్మము

(జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా ఆలయ కల్యాణ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగమ శాస్త్ర రహస్యాలను వివరించగల పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. నాకు అంతటి పాండిత్యం లేదు. వృత్తిరీత్యా నేను సివిల్ ఇంజనీరును. ముప్పై సంవత్సరాలకు పైగా ఈ చికాగో పడమటి శివారులలో రహదారులకు, వాననీటి కాలువలకు నమూనాలు గీసి పదవీ విరమణ చేసినవాడను. అందుచేత నాకు తెలిసిన విషయమునే మీకు విన్నవించుకుంటాను. మనమంతా ఎటువంటి ఊళ్లలో నివసిస్తున్నాము? ఆ నివాసానికీ, ఈ ఆలయానికీ గల సంబంధమేమి? ఈ రెండు ప్రశ్నలే నా ప్రసంగానికి ఆధారం. చివర ఒక తప్పు ఒప్పుకోలు, ఒక విన్నపము ఉన్నవి. అంతవరకు ఓపికతో వినవలసినదిగా ప్రార్థన.

ముందుగా మన పూర్వుల పద్ధతిని స్మరించుకొందాము. మానసారమనే వాస్తుగ్రంథం గ్రామాలను దండక, సర్వతోభద్ర, నంద్యావర్త, పద్మక, స్వస్తిక, ప్రస్తర, కార్ముక, చతుర్ముఖములని ఎనిమిది విధాలుగా విభజించినది. వీధులు ఎటు పోవాలి, దేవాలయం ఎక్కడ ఉండాలి, చెరువు ఎక్కడ ఉండాలి అన్నది ముందు నిర్ణయించి, ఆ తరువాతనే ఇండ్ల స్థలాలు చెప్పినది. శాస్త్రం చదవని మన పల్లెలలో కూడా ఊరి నడుమ బొడ్రాయి ఉండేది. రచ్చబండ ఉండేది. గుడిగంట వినపడినంత మేర ఊరు. అంటే ఊరు మనిషి నడకకు, వినికిడికి తగిన కొలతలో ఉండేది.

ఇక మనము నివసించే ఊళ్ల కథ వేరు. ఇవి రైలుబండి పుణ్యమా అని పుట్టి, కారు పుణ్యమా అని పెరిగినవి. 1831లో జోసెఫ్ నేపర్ అనే వ్యక్తి డూపేజ్ నది ఒడ్డున స్థిరపడగా ఏర్పడిన నేపర్‌విల్‌కు 1864లో రైలు మార్గం వచ్చినది. 1869లో న్యూయార్కు సెంట్రల్ పార్కు రూపకర్తలైన ఓమ్‌స్టెడ్, వోక్స్ అనే ఇద్దరు, చికాగోకు పడమట సుమారు 1600 ఎకరాలలో రివర్‌సైడ్ అనే ఊరిని రూపొందించారు. తిన్నని వీధులకు బదులు వంపులు తిరిగిన వీధులు, ఇంటి ముందు పచ్చిక, అందరికీ ఉమ్మడిగా తోటలు, నగరానికి పోయి రావడానికి రైలు. నగరంలో సంపాదన, పల్లెలో నివాసం అన్న కోరికకు ఈ దేశంలో దొరికిన తొలి రూపాలలో అది ఒకటి. ఇంటి ముందు మనం కోసే ఆ గడ్డికి నూట యాభై ఏళ్లకు పైబడిన వంశవృక్షం ఉన్నదన్న మాట!

1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చినది. 1958లో మన టోల్‌వే తెరుచుకున్నది. 1966లో బెల్ ల్యాబ్స్ వారు నేపర్‌విల్‌లో తమ కేంద్రం స్థాపించారు. బటేవియాలో ఫెర్మి ప్రయోగశాల 1967లో ఆరంభమైనది. 1950 జనగణనలో ఏడు వేల పైచిలుకు జనాభా ఉన్న నేపర్‌విల్ 2020 నాటికి దాదాపు లక్షా నలభై తొమ్మిది వేల ఐదువందల జనాభాకు చేరినది. ఆ పెరుగుదలలో మనమూ ఒక భాగము.

అయితే మనము ఇక్కడికి రావడం అంత సులభంగా జరిగినది కాదు. 1923లో ఈ దేశ సుప్రీం కోర్టు భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పినది. ఫలానా జాతివారికి ఇల్లు అమ్మరాదని దస్తావేజులలో వ్రాసుకొనే ఆచారం దేశమంతటా ఉండేది. అటువంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో సుప్రీం కోర్టు నిర్ణయించినది. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1968లో వచ్చినది. వలసల చట్టం 1965లో మారినది. ఈ తలుపులన్నీ ఇతరులు పోరాడి తెరిపించినవి. మనము తెరచిన తలుపులోనుండి నడచి వచ్చిన అతిథులము. ఈ మాట దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి, ప్రసంగం చివర మళ్లీ దీని అవసరం ఉన్నది.

నేను 1978లో ఈ దేశానికి వచ్చాను. మొదటి ఆరేళ్లు చికాగో నగరంలో అద్దె ఇంట్లో ఉన్నాము. మా పెద్దమ్మాయికి బడి వయసు వచ్చినప్పుడు అందరివలెనే మేమూ శివారుకు మారాము. ఇల్లినాయ్ రాష్ట్రంలో బడులకు ప్రధానమైన ఆదాయం స్థానికంగా వసూలయ్యే ఆస్తిపన్ను. ఇళ్ల విలువ హెచ్చుగా ఉన్న ఊరిలో బడికి ధనం హెచ్చు. కనుక ఇల్లు కొనడమంటే బడిని కొనడమే. మేము ఒక ఎకరం స్థలంలో ఇల్లు కొన్నాము. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. మా నాన్నగారు జీవితమంతా కౌలుకు చేసిన పొలం రెండెకరాలు. అందులో సగం నేను గడ్డి పెంచడానికి ఉంచుకున్నానని ఉత్తరం వ్రాస్తే, ఆయన "పశువులెన్ని ఉన్నాయి?" అని తిరుగు టపాలో అడిగారు.

ఈ నివాసంలో సుఖము లేదని నేను అనను. అంటే కృతఘ్నత అవుతుంది. శుభ్రమైన గాలి, మేపుల్ చెట్లు, శరదృతువులో ఎర్రబడే ఆకులు, రాత్రి నిశ్శబ్దం, పిల్లలకు మంచి చదువు, పెరట్లో గోంగూర, సొరపాదు. ఉదయం రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, సాయంత్రం అదే రైలులో తిరిగి వచ్చే క్రమబద్ధమైన జీవితం. ఇవన్నీ స్వామి ప్రసాదాలే. కాని ఈ ప్రసాదానికి ఒక నియమం ఉన్నది. కారు నడపగలిగినవాడే దీనిని స్వీకరించగలడు.

ఇంజనీరును కనుక చిన్న లెక్క చెప్పనివ్వండి. మనిషి అయిదు నిమిషాలలో హాయిగా నడవగల దూరం పావు మైలు. ఒక చోటినుండి పావు మైలు వ్యాసార్ధంతో వృత్తం గీస్తే అందులో సుమారు 125 ఎకరాలు పడతాయి. ఎకరానికొక ఇల్లు ఉన్న చోట, వీధులు పోను, ఆ వృత్తంలో వందకు అటూ ఇటూ ఇళ్లుంటాయి. బారింగ్టన్ హిల్స్ వంటి ఊరిలో ఇంటికి కనీసం అయిదెకరాలు ఉండాలన్న నిబంధన ఉన్నది. అక్కడ అదే వృత్తంలో పాతిక ఇళ్లు మించవు. పాతిక ఇళ్లకు బస్సు రాదు, కిరాణా కొట్టు రాదు, గుడీ రాదు. 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం నడవలేనివారికి ప్రత్యేక వాహన సేవ ఉన్నది. అయితే బస్సు తిరిగే మార్గానికి ముప్పావు మైలు లోపల ఉన్నవారికి మాత్రమే ఆ సేవ తప్పనిసరి. బస్సే లేని చోట ఆ హక్కూ లేదు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. ఇది దూరము చేసే పని.

ఈ లెక్క నాకు ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే తెలుసు. దాని అర్థం మాత్రం మా అమ్మ వచ్చిన తరువాతనే తెలిసినది.

మా నాన్నగారు కాలం చేశాక, 1988లో అమ్మను తెనాలి దగ్గరి మా పల్లె నుండి తీసుకొని వచ్చాను. అక్కడ ఆమె ఉదయం లేచి ముగ్గు వేస్తుండగానే నలుగురు పలకరించేవారు. సాయంత్రం రామాలయంలో పురాణ కాలక్షేపం. ఇక్కడ మేమిద్దరం ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లిన తరువాత ఎకరం నేల నడుమ, నాలుగు పడకగదుల ఇంటిలో, ఆమె ఒక్కతే. కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేది. ఒకనాడు నన్ను అడిగినది: "ఒరేయ్ అబ్బాయ్, ఈ ఊళ్లో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, కారు లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. మనుషులు దిగడం నేనింతవరకూ చూడలేదురా. లోపల మనుషులున్నారంటావా?" నేను నవ్వి ఊరుకున్నాను.

అప్పటికి మన ఆలయం ఒక సభ్యుని ఇంటి బేస్‌మెంటులో పటాలతో నడుస్తూ ఉన్నది. ఆ తరువాత ఈ స్థలం కొని, చిన్న మందిరం కట్టుకున్నాము. మా ఇంటికి మూడు మైళ్లు. వారానికొకసారి, ఆదివారం, అమ్మను తీసుకొని వచ్చేవాడిని. ఒక కార్తిక సోమవారం నాడు నాకు ఆఫీసులో ముఖ్యమైన సమావేశం ఉండి, వీలు కాదన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. మేము వెళ్లిన తరువాత చీరమీద నా కోటు తొడుక్కొని, చేతిలో వత్తులు, చిన్న నేతి సీసా పట్టుకొని నడక ప్రారంభించినది. ఆ రోడ్డుకు కాలిబాట లేదు. మైలున్నర దూరం గడ్డిలో, మంచుతడిలో నడచినది. మా వీధి చివరి ఇంటి ఆవిడ కారు ఆపి, భాష తెలియకపోయినా సైగలతో మాట్లాడి, ఆమెను గుడికి తీసుకొని వెళ్లి, దీపం పెట్టుకొనేవరకు వేచి ఉండి, ఇంటి దగ్గర దింపినది. సాయంత్రం నేను కోప్పడ్డాను. "ప్రమాదం జరిగితే?" అన్నాను. అమ్మ ఒకే మాట అన్నది: "గుడికి నడిచి పోవడం కూడా తప్పైన ఊళ్లో ఇల్లు ఎందుకు కొన్నావురా?"

ఆ రోడ్డు వెడల్పు నమూనా గీసిన ఆఫీసులో నేను పని చేస్తూ ఉండేవాడిని. కాలిబాట అవసరం లేదని, నడిచేవారు ఎవరూ లేరని నివేదికలో వ్రాశాము. నడిచేవారు ఎందుకు లేరో మేము అడగలేదు. అమ్మ 1994లో శివైక్యం చెందినది. ఆ కుర్చీ ఇప్పటికీ ఆ కిటికీ దగ్గరే ఉన్నది. ఇప్పుడు అందులో కూర్చునేది నేను. కళ్లకు శుక్లాల శస్త్రచికిత్స అయిన తరువాత కూడా రాత్రి వేళ కారు నడపలేకపోతున్నాను.

భక్త మహాశయులారా! జీర్ణోద్ధరణ ఎందుకు అవసరమైనదో మీకందరకు తెలుసు. విమానంపై సున్నపు పనిలో సన్నని బీటలు ఏర్పడి, వాటిలో నీరు చేరి, శీతకాలంలో గడ్డకట్టినది. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఒక్కొక్క శీతకాలం ఆ బీట కొంచెం కొంచెం వెడల్పయి, చివరకు దేవతామూర్తుల చేతులు రాలిపడినవి. కంటికి కనపడని బీటే పెద్దదైనది. మన శివారు జీవితంలోనూ అటువంటి బీటలున్నవి. పగటివేళ ఒంటరిగా ఉండే తల్లిదండ్రులు, కారు లేని విద్యార్థి, భర్త చనిపోయిన తరువాత రెండు నెలలు గుడికి రాలేకపోయిన సోదరి. వీరి కార్లు మన పార్కింగులో లేవు కనుక వీరు మన లెక్కలోకి రారు. పండుగనాడు పార్కింగు నిండినదని సంతోషిస్తాము. రాలేకపోయినవారికి పార్కింగు అవసరమే లేదు గదా!

ఇప్పుడు ఒప్పుకోలు. 1926లో ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ శివారైన యూక్లిడ్ అనే ఊరికి సంబంధించిన వ్యాజ్యంలో, ఏ స్థలంలో ఏమి కట్టవచ్చునో నిర్ణయించే అధికారం ఊళ్లకు ఉన్నదని సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినది. ఇళ్ల నడుమ వెలిసే అపార్టుమెంటు భవనాన్ని ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చినది. ఆ అధికారం వల్లనే మన శివారులు ఇంత విశాలంగా, ప్రశాంతంగా ఉన్నవి. ఆ అధికారం ముందరనే, మందిర నిర్మాణానికి అనుమతి కోరుతూ, మనమూ ఒకనాడు చేతులు కట్టుకొని నిలబడ్డాము. నాలుగు బహిరంగ విచారణలు జరిగినవి. వాహనాల రద్దీ పెరుగుతుందన్నారు. ఇళ్ల విలువ పడిపోతుందన్నారు. ఈ ప్రాంతపు స్వభావం మారిపోతుందన్నారు. మా వీధి చివరి ఇంటి ఆవిడ లేచి, "వీరి తల్లి ఒకామె వానలో, మంచులో నడచి ప్రార్థనకు వస్తున్నది. అటువంటివారు పొరుగున ఉంటే నాకు భయం లేదు" అని చెప్పినది. అనుమతి వచ్చినది. ఈ గోపురానికి పునాదిరాళ్లలో ఆ మాట ఒకటి.

కొన్నేళ్ల క్రితం ఈ ఆలయానికి అర మైలు దూరంలో, వయోవృద్ధుల కొరకు మూడంతస్తుల నివాస భవనం కట్టుటకు ఒక ప్రతిపాదన వచ్చినది. దానిని వ్యతిరేకిస్తూ ఒక విజ్ఞాపన పత్రం తిరిగినది. మన పార్కింగు స్థలంలో కూడ తిరిగినది. మనవారు చాలామంది సంతకాలు చేశారు. నేనూ చేశాను. ప్రతిపాదన ఉపసంహరించుకొన్నారు. మేము సంతోషించాము.

ఈ ప్రత్యేక సంచిక కొరకు పాత కాగితాలు వెతుకుతూ ఉండగా, మన మందిరం విచారణల నాటి ఫైలు నా చేతికి దొరికినది. అందులోని అభ్యంతరాలు చదివాను. వాహనాల రద్దీ. ఇళ్ల విలువ. ప్రాంతపు స్వభావం. నేను సంతకం చేసిన పత్రాన్ని పక్కన పెట్టుకొని చూశాను. అవే మూడు కారణాలు, అదే వరుసలో ఉన్నవి. ఆ భవనం కట్టి ఉంటే, మా అమ్మ వంటి తల్లి కాలినడకన ఈ గుడికి రాగలిగేది. రేపు నాకు, ఎల్లుండి మీకు అటువంటి చోటే కావలసి వస్తుంది. తెరచిన తలుపులోనుండి వచ్చిన అతిథిని, లోపలికి వచ్చిన తరువాత గడియ పెట్టాను. స్వామి సన్నిధిలో, మీ అందరి ఎదుట, ఈ తప్పును ఒప్పుకుంటున్నాను.

ఇది ఈ దేశానికి మాత్రమే పరిమితమైన సమస్య అని భావించవద్దు. మనలో అనేకులు హైదరాబాదులో, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పరిసరాలలో, తెల్లాపూర్, మోకిల వంటి చోట్ల విల్లాలు కొన్నారు. ఎత్తైన ప్రహరీ, ద్వారం వద్ద కాపలా, లోపల పచ్చిక. పక్క గ్రామంలోని బొడ్రాయి పండుగ డప్పు లోపలికి వినపడుతుంది. లోపలివారు బయటకు రారు, బయటివారు లోపలికి రారాదు. మనము ఇక్కడ నేర్చిన పాఠంలో సౌకర్యాన్ని మాత్రమే అక్కడికి పంపాము. ఒంటరితనం గురించి హెచ్చరిక పంపలేదు.

ఇక విన్నపము. ఆగమాలను నిందించడానికో, దాతల సంకల్పాన్ని తగ్గించడానికో కాదు. బంగారు తాపడపు ద్వారం స్వామికి శోభ. ఆ ద్వారం వరకు రాలేని భక్తునికి దారి ఏర్పరచడం కూడా కైంకర్యమే. కావున ధర్మకర్తల మండలి ముందు నాలుగు మాటలు ఉంచుతున్నాను.

మొదటిది, మంగళ, శనివారాలలో వృద్ధులను ఇళ్లనుండి తీసుకొని వచ్చి తిరిగి దింపుటకు ఆలయమే ఒక వాహనం నడపాలి. రెండవది, మన స్థలం పొడవునా రోడ్డు వెంట కాలిబాటకు కావలసిన నేలను ఊరికి సమర్పించి, నిర్మాణ వ్యయంలో భాగం మనమే భరించాలి. మూడవది, వారం మధ్య రోజులలో ఈ కల్యాణ మండపం తాళం వేసి ఉంచక, పగటివేళ పెద్దలు కూర్చొని మాట్లాడుకొనే రచ్చబండగా తెరచి ఉంచాలి. మన పెద్దలకే కాదు, పొరుగువారికి కూడా. నాలుగవది, వృద్ధుల నివాసానికి మళ్లీ ప్రతిపాదన వచ్చిన నాడు, మనము ఆ విచారణకు వెళ్లి, ఆనాడు మన కొరకు ఒక ఇల్లాలు లేచి నిలబడినట్లు, లేచి నిలబడాలి. నేను తప్పక నిలబడతాను. ఊరి ప్రణాళికా సంఘానికి నా పాత సంతకాన్ని రద్దు చేసుకుంటూ ఇప్పటికే ఉత్తరం వ్రాశాను.

మొదటి రెండు పనులకు ధనం కావాలి. నాకున్నంతలో మొదటి సంవత్సరం వాహనపు ఖర్చు మా అమ్మ పేరున సమర్పిస్తున్నాను. మిగిలిన సంవత్సరాలు మీ తల్లుల పేరున మీరు చూసుకోగలరు.

జీర్ణోద్ధరణ జరిగినన్నాళ్లు స్వామి కళలను బాలాలయంలో నిలిపి ఆరాధించాము. బాలాలయం తాత్కాలికం. పని పూర్తి కాగానే స్వామి మూలస్థానానికి తరలి రావాలి. మనమూ ఈ దేశానికి వచ్చినప్పుడు ఈ ఇళ్లను బాలాలయాలనే అనుకున్నాము. అయిదేళ్లు ఉండి వెళ్లిపోదామనుకున్నాము. వెళ్లిపోయే ఊరికి కాలిబాట ఎందుకు, పొరుగువాని పేరెందుకు అనుకున్నాము. అయిదేళ్లు నలభై అయినవి. పిల్లలు ఇక్కడ పుట్టారు, తల్లులు ఇక్కడ కాలం చేశారు. స్వామి రేపు ఉదయం సుముహూర్తాన మూలస్థానంలో స్థిరపడుతున్నారు. మనమూ స్థిరపడదాము. ఇది మన ఊరు. ఊరు అన్నాక దానికొక నడుమ ఉండాలి, ఆ నడుమకు నడిచి రాగల దారి ఉండాలి.

 స్వామివారి అనుగ్రహం మీకూ, మీ గృహాలకూ, మీ పొరుగు గృహాలకూ కలుగుగాక!

స్వస్తి.